హువా హిన్ కొండలు చూడటానికి మూడు లక్షల అప్పా?

ప్రశ్న: "సార్, మాది రాజమండ్రి. ప్రైవేటు కంపెనీలో చేస్తున్నాను, చేతికి 62 వేలు వస్తాయి. ఇంటి అద్దె, పాప స్కూలు, బండి ఈఎంఐ, అమ్మ షుగర్ మందులు అన్నీ కలిపి 48 వేలు అయిపోతాయి. వచ్చే జనవరికి మా పెళ్లై పదేళ్లు. థాయ్‌లాండ్‌లో హువా హిన్ వెళ్లి, అక్కడి వ్యూపాయింట్లన్నీ చూడాలని మా ఆవిడ ఎప్పటినుంచో అంటోంది. అమ్మ, పాపతో కలిపి నలుగురం. టికెట్లు 1,10,000, బీచ్ పక్కన రిసార్టు ఐదు రాత్రులకు 90,000, తిండీ తిరుగుడూ 60,000, షాపింగ్ 40,000, మొత్తం మూడు లక్షలు తేలింది. బ్యాంకు యాప్‌లో మూడు లక్షల పర్సనల్ లోన్ రెడీగా ఉంది, 16 శాతం వడ్డీ, మూడేళ్లు. సేవింగ్స్‌లో 38 వేలు ఉన్నాయి. ఈ దీపావళి బోనస్ 45 వేలు పాప ఫీజుకి అయిపోయింది. లోన్ తీసుకోవాలా, అమ్మ గాజులు తాకట్టు పెట్టాలా? అక్కడ రెండు స్కూటర్లు అద్దెకు తీసుకుంటే తిరుగుడు ఖర్చు కలిసొస్తుంది. మా ఆవిడకు లైసెన్సు లేదు కానీ యాక్టివా బాగా నడుపుతుంది. ఆరోగ్య బీమా కంపెనీ వాళ్లది ఉంది."

జవాబు: రెండూ వద్దు. లోనూ వద్దు, గాజుల జోలికి అసలే వెళ్లొద్దు.

నాకు వచ్చే ఉత్తరాల్లో మీదే ఎందుకు తీసుకున్నానంటే, నెలకు కనీసం నలుగురైదుగురు ఇదే తప్పు చేస్తూ రాస్తున్నారు. ఊరి పేరు ఒక్కటే మారుతుంది, ఒకరికి బాలి, ఒకరికి దుబాయ్, మీకు హువా హిన్. యాత్రకు ఎంతవుతుందో పైసాతో సహా లెక్క వేస్తారు, కానీ ఆ యాత్రలోనో, తిరిగొచ్చిన మూడో నెలలోనో ఏదైనా జరిగితే చేతిలో ఏముంటుందన్న లెక్క మాత్రం ఎవరి కాగితం మీదా ఉండదు. మీ కాగితం మీద కూడా లేదు.

ముందు ఆ కొండల సంగతే చూద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది అదే, మీ ఆవిడ కోరిక చాలా మంచి కోరిక. హువా హిన్ నేను చూశాను. ఊరికి పడమర మూడు కిలోమీటర్ల దూరంలో ఖావో హిన్ లెక్ ఫై అని 162 మీటర్ల కొండ ఉంది, పైదాకా రోడ్డు, పైన ఆరు వ్యూపాయింట్లు. తెల్లారకముందే వెళ్లి నిలబడితే కింద ఊరు ఇంకా లైట్లతో ఉంటుంది, సముద్రం బూడిద రంగులో ఉండి, మెల్లగా అంచు దగ్గర ఎరుపు తిరుగుతుంది, దక్షిణం వైపు ఖావో తకియాబ్ కొండ నీళ్లలోకి చొచ్చుకొచ్చి కనిపిస్తుంది. దానికి టికెట్ లేదు. ఖావో తకియాబ్‌కీ లేదు. పైన గుడి, కొండ పాదం దగ్గర సముద్రం వైపు చూస్తూ నిలబడ్డ 20 మీటర్ల బుద్ధుడు, అన్నీ ఉచితమే. ఇంకా దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్లు వెళితే ప్రచువాప్ ఖిరీ ఖాన్ ఊళ్లో ఖావో చోంగ్ క్రచోక్ ఉంది, 396 మెట్లు. ఆ కొండకు ఒక రంధ్రం ఉంటుంది, అందులోంచి ఆకాశం అద్దంలా కనిపిస్తుందని ఆ పేరు పెట్టారు. పైకెక్కితే వంపు తిరిగిన సముద్ర తీరమంతా కాళ్ల కింద ఉన్నట్టుంటుంది. అదీ ఉచితమే. మధ్యలో సామ్ రోయ్ యోట్ జాతీయ పార్కు, 1966లో పెట్టారు. అక్కడ మాత్రం విదేశీయులకు పెద్దలకు 200 బాట్లు, పిల్లలకు 100. మీ నలుగురికీ 700 బాట్లు, మన డబ్బుల్లో దాదాపు రెండు వేలు.

అంటే మీ ఆవిడ చూడాలనుకున్నవన్నీ చూడటానికి ప్రవేశ రుసుము రెండు వేల రూపాయలు. దాని కోసం మీరు చేయబోయే అప్పు ఎంతవుతుందో చూడండి. మూడు లక్షలు, 16 శాతం, 36 నెలలు: ఈఎంఐ 10,547. మొత్తం కట్టేది 3,79,692. వడ్డీయే దాదాపు 80 వేలు, ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరే. ఇప్పుడు నెలాఖరుకు మీ చేతిలో మిగిలేది 14 వేలు, ఈఎంఐ పోతే 3,453. మూడేళ్లపాటు, నలుగురున్న ఇంట్లో, నెలకు మూడు వేల నాలుగు వందలు! పాపకి జ్వరమొచ్చి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచితే అది చాలదు.

"క్రెడిట్ కార్డు ఉంది కదా సార్" అంటారని నాకు తెలుసు, అందరూ అదే అంటారు. రెండేళ్ల కింద ఒక జంట నా దగ్గరికొచ్చారు, పేర్లు అనవసరం. లోన్ పెట్టి విదేశం వెళ్లొచ్చారు, నాలుగో నెలలో ఆయన ఉద్యోగం పోయింది. ఈఎంఐలు కట్టడానికి కార్డు వాడారు, కార్డుకి మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన చిన్న మొత్తం మాత్రమే కట్టుకుంటూ పోయారు. మిగతా బాకీ మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం అంటే చిన్నగా వినిపిస్తుంది, ఏడాదికి 42 శాతం అది. నా ఎదురుగా కూర్చుని ఆవిడ స్టేట్‌మెంట్ కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చింది, ప్రతి కాగితం మీదా మినిమమ్ డ్యూ దగ్గర పెన్నుతో టిక్కు కొట్టుంది, ప్రతి నెలా కట్టేశామని గుర్తు. కట్టిన కొద్దీ బాకీ పెరుగుతోందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఆ కాగితాలు చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే యాప్‌లో లోన్ రెడీగా ఉందని ఎవరైనా సంబరంగా చెబితే నాకు కోపం వస్తుంది. అది మీ డబ్బు కాదు, మీ రాబోయే జీతం. బ్యాంకు మీకు దాన్నే ముందుగా అమ్ముతోంది.

మీకు అత్యవసర నిధి ఎంత ఉండాలి? ఆరు నెలల ఖర్చు, 48 వేలు చొప్పున 2,88,000. ఉన్నది 38 వేలు. మీరు అప్పు తెద్దామనుకున్న మొత్తమూ, మీ ఇంట్లో ఉండాల్సిన నిధీ దాదాపు ఒకటే అంకె, గమనించారా? ఈఎంఐ కట్టగలనని ధైర్యంగా ఉన్నారు కదా, ఆ ధైర్యాన్నే ఇటు తిప్పండి. నెలకు 14 వేలు, 18 నెలలు, 2,52,000. ఉన్న 38 వేలు కలిపితే 2,90,000. నిధి పూర్తి. దాన్ని ఎక్కడ పెట్టాలని బుర్ర పాడుచేసుకోకండి, జీతం ఖాతా ఉన్న బ్యాంకులో కాకుండా వేరే బ్యాంకులో ఒక ఖాతా, స్వీప్-ఇన్ (మిగులు డబ్బు దానంతటదే ఎఫ్‌డీగా మారి, అవసరమైతే వెనక్కొచ్చే ఏర్పాటు) పెట్టించుకోండి, ఆ ఖాతాకి యూపీఐ తగిలించొద్దు. ఎస్ఐపీలూ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే డబ్బు) షేర్లూ ఇది పూర్తయ్యాక మాట్లాడుకుందాం.

ఇక స్కూటర్ల సంగతి. ఇది చదివినప్పుడు నాకు నిజంగా భయమేసింది. లైసెన్సు లేని మనిషి, పరాయి దేశంలో, వెనకాల షుగర్ ఉన్న అత్తగారినో చిన్నపిల్లనో కూర్చోబెట్టుకుని హైవే మీద బండి నడపడమా? మన దగ్గర లైసెన్సు ఉన్నా అక్కడికి ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలి, దానికి ఫీజు వెయ్యి రూపాయలు, ఏడాది చెల్లుతుంది. మీ ఆవిడకు అసలు లైసెన్సే లేదు కాబట్టి ఆ పర్మిటూ రాదు. ప్రమాదం జరిగితే ట్రావెల్ బీమా వాళ్లు మొదట అడిగేది లైసెన్సు, రెండోది హెల్మెట్. ఏది లేకపోయినా క్లెయిమ్ చేతికి రావడం కష్టం. అక్కడి ప్రైవేటు ఆసుపత్రిలో కాలు విరిగి చేరితే బిల్లు లక్షల్లో ఉంటుంది, అదంతా మీ జేబులోంచే. రోజుకి నాలుగైదు వందలు కలిసొస్తాయని ఇంత ప్రమాదం నెత్తినేసుకోవద్దు.

పైగా స్కూటర్ అవసరం కూడా లేదు. సువర్ణభూమి విమానాశ్రయం నుంచి హువా హిన్‌కి నేరుగా బస్సు ఉంది. ఊళ్లోంచి ఖావో తకియాబ్ వైపు ఆకుపచ్చ సాంగ్‌తియోలు తిరుగుతాయి, మన షేర్ ఆటోల్లా ఎక్కి దిగడమే. ప్రచువాప్‌కి రైలుంది, స్టేషన్ నుంచి ఆ కొండ దగ్గరికి నడిచి వెళ్లొచ్చు. హిన్ లెక్ ఫైకీ, సామ్ రోయ్ యోట్‌కీ డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోండి.

బీమా గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే "కంపెనీది ఉంది" అని మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు. కంపెనీ గ్రూపు పాలసీ మామూలుగా విదేశాల్లో పనిచేయదు, ఉద్యోగం మానేసిన రోజున ఇక్కడా పనిచేయదు. అందులో అమ్మగారి పేరు ఉందో లేదో మీరు రాయలేదు, ఈ రోజే హెచ్ఆర్‌ని అడగండి. లేకపోతే ఆమెకి విడిగా పాలసీ తీసుకోండి, షుగర్ ఉన్న మాట దాచకండి, దాస్తే రేపు అదే సాకు అవుతుంది. ప్రీమియం వల్ల అత్యవసర నిధి రెండు మూడు నెలలు ఆలస్యమైనా పర్వాలేదు. మీ పేరు మీద టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బొచ్చే జీవిత బీమా గురించి కూడా ఏమీ రాయలేదు, లేకపోతే అదీ ఈ నెలే.

యాత్రకు వెళ్లేటప్పుడు ట్రావెల్ బీమా తప్పనిసరి, నలుగురికీ. దానికీ వ్యూపాయింట్లకీ సంబంధమేంటంటారా? కోతులు. తకియాబ్‌లోనూ, చోంగ్ క్రచోక్ మెట్ల మీదా గుంపులు గుంపులుగా ఉంటాయి, తకియాబ్ మెట్ల దగ్గర నా ముందు నడుస్తున్న పిల్లాడి చేతిలోంచి చిప్స్ ప్యాకెట్ ఒకటి లాక్కుపోయింది, వాడి వేలు గీసుకుంది కూడా, వాళ్లమ్మ ముఖం నాకింకా గుర్తుంది. కోతి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే రేబిస్ టీకాలు మొదలుపెట్టాలి, ఒక్క డోసుతో అయ్యేది కాదు. పాప చేతిలో తినేదేదీ ఉండనివ్వకండి. అమ్మగారి షుగర్ సంగతి ట్రావెల్ పాలసీ ఫారంలో కూడా రాయండి, ఉన్న జబ్బులకు ఎంతవరకు ఇస్తారో కొనేముందే చదవండి.

ఎఫ్‌డీ ఉంటే దాని మీద లోన్ చౌక, కానీ మీకు ఎఫ్‌డీ లేదు. "ముందు వెళ్లి తర్వాత కట్టండి" పథకాలు కూడా అప్పే, పేరు మారిందంతే.

మరి యాత్ర ఎప్పుడు? 18 నెలల తర్వాత అదే 14 వేలు యాత్ర డబ్బాలోకి మళ్లించండి, ఎనిమిది నెలల్లో 1,12,000. మధ్యలో వచ్చే రెండు దీపావళి బోనస్‌లు 90 వేలు. మొత్తం 2,02,000. ఇప్పటి ధరల్లో టికెట్లు 1,10,000, తిండీ తిరుగుడూ 60,000, మామూలు గెస్ట్‌హౌస్‌కి 25,000, మిగతా ఏడు వేలు ట్రావెల్ బీమాకి. షాపింగ్ లేదు. తెల్లవారుజామున కొండ మీద ఉండేవాళ్లకు బీచ్ పక్క రిసార్టు దేనికి? అలా 26 నెలలు, పన్నెండో పెళ్లిరోజుకి వెళ్తారు. ప్రీమియాలకు కొంత పోయి ఆ జనవరి దాటినా ఏప్రిల్ దాకా అక్కడ వానల బెడద పెద్దగా ఉండదు, అక్టోబరు, నవంబరు మాత్రం వద్దు. సామ్ రోయ్ యోట్‌లో ఫ్రయా నఖోన్ గుహ చూడాలనుకుంటే పొద్దున పదిన్నరకల్లా లోపల ఉండండి, 1890లో చులలాంగ్‌కార్న్ రాజు రాక కోసం కట్టిన మంటపం మీద ఎండ పడేది అప్పుడే. ఆ దారి నిటారుగా, రాళ్లతో ఉంటుంది, అమ్మగారిని కింద బీచ్‌లో కూర్చోబెట్టి మీరిద్దరూ వంతులవారీగా ఎక్కండి.

ఈ జనవరికి మాత్రం వైజాగ్ వెళ్లండి. రైల్లో వెళ్లి, కైలాసగిరి మీద నలుగురూ ఒక సాయంత్రం గడిపి రండి, మీ జీతంలోంచే అయిపోతుంది. మీ ఆవిడకు ఈ ఉత్తరం, ఈ లెక్కలు చూపించండి, ఆమెతో కలిసే ఆ కొత్త ఖాతా తెరవండి. 14 వేలు జీతం పడిన రోజే అందులోకి వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి, నెలాఖరున మిగిలితే వేద్దామనుకోకండి.