స్టీరింగ్ మూలుగుతోంది... 45,000 అప్పు చేయమంటారా?

ప్రశ్న: మాది రామభద్రపురం దగ్గర పల్లె. సొంతంగా ఒక ఆరు టైర్ల లారీ ఉంది, 2011 మోడల్. నేనే నడుపుతాను. సాలూరు దాటి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్, జయపురం లోడ్లు వేస్తుంటాను. రెండు వారాలుగా స్టీరింగ్ తిప్పితే చాలు, మూలుగుతోంది. ఒక మెకానిక్ స్టీరింగ్‌కు ఆయిల్ తోసే పంపు, చక్రాలను తిప్పే స్టీరింగ్ బాక్స్ రెండూ మార్చాలి, 45,000 అవుతుందన్నాడు. ఇంకొకాయన ఆయిల్ పోసుకుని నడుపుకోమన్నాడు. చేతిలో 30,000 ఉంది కానీ అది ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి), ఇన్సూరెన్స్‌కి దాచిన డబ్బు. తెలిసినాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నారు. మా ఆవిడ బండి అమ్మేయమంటోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ వడ్డీకి ఇస్తానన్న ఆయనతో ఒక వారం ఆగమని చెప్పండి. 45,000 అన్నది ఇంకా మీ ఖర్చు కాదండీ, అది ఒకరి అంచనా. పంపు విప్పి చూసి చెప్పారని మీరు రాయలేదు. చప్పుడు విని చెప్పిన రేటుకు అప్పు చేయకూడదు.

నేను మెకానిక్‌ని కాను. అయితే మా మేనమామకు సాలూరులో లారీ ఉండేది, చిన్నప్పుడు వేసవి సెలవులు సగం షెడ్డులోనే గడిచాయి. ఆయన బండికీ ఇదే జబ్బు. పంపు పోయిందన్నారు, కొత్తది వేయించాడు. నాలుగో రోజుకు మళ్లీ అదే మూలుగు. చివరికి చూస్తే ఆయిల్ డబ్బా నుంచి పంపుకు వచ్చే రబ్బరు పైపు క్లిప్పు దగ్గర చీలి గాలి పీలుస్తోంది. పైపు ఖరీదు పంపు ఖరీదులో ఏ మూలకీ రాదు. అత్తయ్య ఆ పంపు బిల్లు చాలా ఏళ్లు ఎత్తిపొడిచింది!

అందుకే మీ మొదటి ఖర్చు సరైన తనిఖీ మీద పెట్టండి. ఇంజన్ ఆపి, ఆయిల్ డబ్బా మూత తీసి చూడమనండి. ఆయిల్ తగ్గి ఉంటే అది ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు పట్టుకోకుండా పోసుకుంటూ పోతే నెలనెలా ఆయిల్ ఖర్చు తప్ప మిగిలేదేం ఉండదు. మీ రెండో మెకానిక్ సలహాలో ఉన్న లోపం అదే. ఆయిల్ నురగ కట్టి ఉంటే గాలి దూరుతోందని అర్థం, అప్పుడు పైపులు, క్లిప్పులు, సీళ్లు చూడాలి. డబ్బాలో ఫిల్టర్ ఉంటే అదీ మార్పించండి, అది మూసుకుపోయినా పంపు ఇలాగే మూలుగుతుంది. మూలుగు కాకుండా తిప్పినప్పుడు కీచుమని అరుస్తుంటే, బెల్టుతో తిరిగే పంపు అయితే బెల్టు వదులై ఉండొచ్చు. ఇవన్నీ చూశాక ఆయిల్ మార్చి, ముందు చక్రాలు పైకి లేపి స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పి గాలి తీయించాలి. ఏ ఆయిల్ పడితే అది పోయనివ్వకండి, కంపెనీ చెప్పిన రకమే వాడాలి.

ఈ పని అయ్యేదాకా లోడుతో ఘాట్ ఎక్కొద్దు. పంపు హఠాత్తుగా ఆగిపోతే స్టీరింగ్ తిరుగుతుంది కానీ రాయిలా బరువెక్కుతుంది. సుంకి మలుపుల్లో అలాంటి స్టీరింగ్‌తో ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? దిగుడులో డీజిల్ కలిసొస్తుందని ఇంజన్ ఆపేవాళ్లు కొందరున్నారు. ఇంజన్ ఆగితే స్టీరింగ్ పంపూ ఆగుతుంది, బ్రేకుకు గాలి నింపే కంప్రెసర్ కూడా ఆగుతుంది. మీకు ఆ అలవాటు ఉండదనే అనుకుంటున్నాను.

ఇంత చేశాకా మూలుగు పోలేదు, పాత ఆయిల్‌లో లోహపు పొడి మెరుస్తోంది అంటే పంపు అరిగిందన్నమాటే. అప్పుడు కూడా బాక్స్ మార్చాలని లేదు. బాక్స్ దగ్గర కారుతుంటే సీల్ కిట్‌తో సరిపోవచ్చు, విప్పి చూపించమనండి. పంపు మారుస్తుంటే పైపులు, డబ్బా కడిగించాకే కొత్తది బిగించాలి, లేకపోతే ఆ పొడే కొత్త పంపునూ తినేస్తుంది. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటారు. విడిభాగాల మీద 18 శాతం జీఎస్టీ కాబట్టి ఆశ పుడుతుంది. కానీ బిల్లు లేకపోతే వారంటీ అడగడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

ఇన్సూరెన్స్‌లో వస్తుందేమోనని అనుకోవద్దు. అరుగుదలకు, యంత్రం చెడిపోవడానికి మోటారు పాలసీ డబ్బు ఇవ్వదు. పైగా బండిని మంచి కండిషన్‌లో ఉంచాలని పాలసీలోనే షరతు ఉంటుంది. తెలిసి తెలిసి చెడిన స్టీరింగ్‌తో వెళ్లి గుద్దుకుంటే క్లెయిమ్ దగ్గర చిక్కొస్తుంది.

అప్పు తప్పదంటే లెక్క చూడండి. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. 45,000 మీద నెలకు 1,350, ఏడాదికి 16,200. అదే బ్యాంకులో బంగారం పెట్టి 10 శాతానికి దొరికితే ఏడాదికి 4,500. తేడా 11,700. మీ ఆవిడ నగ అడగడానికి మొహమాటంగా ఉంటుందని తెలుసు. ఈ లెక్క ఆవిడ ముందే వేయండి.

ఆ 30,000 మాత్రం కదపొద్దు. 8 ఏళ్లు దాటిన లారీకి ఏటా ఎఫ్‌సీ తప్పదు, తనిఖీలో స్టీరింగ్ కూడా చూస్తారు. ఫీజు బండి వయసును బట్టి మారుతుంది, ఆర్టీఓ ఆఫీసులో ముందే కనుక్కోండి.

రిపేరు ఖర్చు పన్నులో తగ్గుతుందా అని చాలామంది లారీ ఓనర్లు అడుగుతారు. 10 బండ్లకు మించకుండా ఉన్నవాళ్లు ఆదాయపు పన్నులో అంచనా ఆదాయం పద్ధతి ఎంచుకుంటే, లోడుతో కలిపి మొత్తం బరువు 12 టన్నులు దాటే లారీకి టన్నుకు నెలకు 1,000 రూపాయల చొప్పున ఆదాయం వచ్చినట్టు లెక్క కడతారు. మొత్తం బరువు 16 టన్నులనుకుంటే ఏడాదికి 1,92,000. ఇందులోంచి రిపేరు, వడ్డీ విడిగా తీసివేయడం కుదరదు. బండి షెడ్డులో నిలబడిన నెలా లెక్కలోకి వస్తుంది. వేరే ఆదాయం లేకపోతే మీకు పన్ను భారం ఎలాగూ ఉండదు.

ఇక అమ్మకం మాట. మూలిగే బండిని కొనేవాడు రిపేరు ఖర్చుకు రెట్టింపు తగ్గించి అడుగుతాడు. అమ్మాలనుకున్నా బాగు చేయించే అమ్మండి. అమ్మాలా వద్దా అన్నది ఈ 45,000 తేల్చదు. గడిచిన 12 నెలల కిరాయిలు ఒక పుస్తకంలో రాయండి. డీజిల్, టైర్లు, టోలు, క్లీనర్ బత్తా, ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్, రిపేర్లు తీసేయండి. మరొకరి లారీ నడిపితే మీకు వచ్చే జీతం కూడా తీసేయండి, అది మరిచిపోతారు అందరూ. చివర్లో ఏమీ మిగలకపోతే మీ ఆవిడ చెప్పిందే సరి. మిగిలితే, అందులోంచి ట్రిప్పుకు 500 చొప్పున రిపేర్లకని వేరే ఖాతాలో వేయండి. అది వచ్చే వారం వేసే మొదటి లోడు నుంచే.