మోర్ ఎక్కడ, ఈఆర్ ఎక్కడ?

ప్రశ్న: ఇంగ్లీషులో పోల్చి చెప్పేటప్పుడు టాలర్ అంటాం, కానీ బ్యూటిఫులర్ అనకూడదంటారు. ఏ విశేషణానికి చివర ఈఆర్ చేర్చాలి, దేనికి ముందు మోర్ పెట్టాలి?

జవాబు: స్పెల్లింగ్ పొడవు చూడకండి. మాట పలికి, ఎన్ని అచ్చులు వినిపిస్తున్నాయో లెక్కపెట్టండి. అవే సిలబుల్స్. స్ట్రాంగ్‌లో ఆరు అక్షరాలున్నా వినిపించే అచ్చు ఒకటే, అందుకే స్ట్రాంగర్. బ్యూటిఫుల్‌లో మూడున్నాయి, కాబట్టి మోర్ బ్యూటిఫుల్.

చిక్కంతా రెండు సిలబుల్స్ మాటలతోనే. ఈజీ, హ్యాపీ లాంటివాటిలో చివరి వై ఐగా మారి ఈఆర్ చేరుతుంది: ఈజియర్, హ్యాపియర్. సింపుల్, నారో, క్లెవర్ కూడా ఈఆర్ తీసుకుంటాయి. ఫుల్, లెస్, ఇంగ్, ఈడీలతో ముగిసేవాటికి మాత్రం మోర్ తప్పదు: మోర్ కేర్‌ఫుల్, మోర్ బోరింగ్. బోర్డ్ ఒకే సిలబుల్ అయినా మోర్ బోర్డ్ అనే అంటారు. గుడ్‌కు బెటర్, బ్యాడ్‌కు వర్స్ విడిగా గుర్తుంచుకోవలసినవి.

మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పులు రెండు. "వాడు నాకంటే పొడుగు" అన్నప్పుడు "కంటే" ఒక్కటే పని చేస్తుంది, "పొడుగు" మారదు. ఆ అలవాటుతోనే "హీ ఈజ్ టాల్ దాన్ మీ" అనేస్తాం. ఇంగ్లీషులో దాన్ ఉన్నా టాల్‌ను టాలర్ చేయాల్సిందే. రెండోది "మోర్ టాలర్". "ఇంకా ఎక్కువ" అన్న అర్థం ఈఆర్‌లోనే ఉంది, మళ్లీ మోర్ అక్కర్లేదు. మోర్ బెటర్ కూడా ఇదే తప్పు.

ప్రశ్న: బిగ్గర్‌లో రెండు జీలు రాస్తాం, క్లీనర్‌లో ఒకే ఎన్ రాస్తాం. ఎందుకు?

జవాబు: ఒక సిలబుల్ మాట చివర ఒకే హల్లు, దాని ముందు ఒకే అచ్చు అక్షరం ఉంటే ఆ హల్లు రెట్టింపవుతుంది: బిగ్గర్, హాటర్, థిన్నర్. ఒకే జీ రాస్తే టైగర్‌లా బైగర్ అని చదవాల్సి వస్తుంది, రెండో జీ ఆ పొరపాటు రానివ్వదు. క్లీన్‌లో హల్లుకు ముందు రెండు అచ్చు అక్షరాలున్నాయి, కోల్డ్ చివర రెండు హల్లులున్నాయి, కాబట్టి రెట్టింపు లేదు. డబ్ల్యూ ఎప్పుడూ రెట్టింపు కాదు: న్యూయర్, లోయర్. లార్జ్ స్పెల్లింగ్ చివర "ఈ" ముందే ఉంది, "ఆర్" ఒక్కటి చేర్చండి.

ప్రశ్న: "వెరీ బెటర్" అనవచ్చా?

జవాబు: అనకూడదు. తేడా బాగా ఎక్కువైతే మచ్ బెటర్, ఫార్ బెటర్. కొద్దిగానే ఉంటే ఎ లిటిల్ బెటర్.

ప్రశ్న: "హీ ఈజ్ సీనియర్ దాన్ మీ" సరైనదేనా?

జవాబు: కాదు, "సీనియర్ టు మీ" అనాలి. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ లాటిన్ నుంచి వచ్చినవి. వీటి తర్వాత పోలికకు దాన్ బదులు టు వాడతారు. "మోర్ సీనియర్ దాన్ మీ" అన్నా తప్పు కాదు, అక్కడ దాన్ మోర్‌కు జత.