గణితం డిగ్రీకి ఎంత అప్పు చేయవచ్చు?

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా అమెరికాలో ఉంటున్నాము. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి పన్నెండో తరగతి పూర్తిచేస్తోంది. తనకు గణితమంటే ప్రాణం. ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో (ప్రధానంగా డిగ్రీ చదువులే చెప్పే కాలేజీ) గణితం బీఏలో సీటు వచ్చింది. ఏడాదికి 88,000 డాలర్లు ఖర్చవుతుంది, అందులో 40,000 మెరిట్ స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. మా రాష్ట్ర విశ్వవిద్యాలయంలోనూ గణితంలో సీటు ఉంది. వసతి, భోజనంతో కలిపి అక్కడ 30,000 అవుతుంది. గణితంతో ఉద్యోగాలు రావని, కంప్యూటర్ సైన్స్ తీసుకోమని మావారు అంటున్నారు. అమ్మాయి మాత్రం చిన్న కాలేజీకే వెళ్తానంటోంది. అప్పు చేసైనా పంపమంటారా?
– ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, మీ ఇంట్లో రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకటిగా కలిసిపోయినట్టున్నాయి. గణితం చదవాలా వద్దా అన్నది ఒకటి, దాన్ని ఏ కాలేజీలో ఎంత పెట్టి చదవాలన్నది మరొకటి. మొదటి దాని గురించి మీవారు అంతగా దిగులుపడనక్కరలేదు. అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో గణాంక నిపుణుల మధ్యస్థ వేతనం, బీమా సంస్థల్లో నష్టభయాన్ని అంచనా కట్టే యాక్చువరీల మధ్యస్థ వేతనం రెండూ ఏడాదికి లక్ష డాలర్లు దాటే ఉన్నాయి. అయితే పట్టా చేతికి రాగానే ఆ జీతాలు రావు. సంభావ్యత, గణాంకశాస్త్రం, ప్రోగ్రామింగ్ కోర్సులు కూడా చేసి, యాక్చువరీల తొలి రెండు పరీక్షలు (సంభావ్యత మీద ‘పి’, ఆర్థిక గణితం మీద ‘ఎఫ్ఎం’) చదువుకునే రోజుల్లోనే రాసినవారికి దారి సులువవుతుంది. బడిలో గణితం చెప్పాలనుకుంటే జీతం చాలా తక్కువన్నది కూడా నిజమే. పీహెచ్‌డీకి వెళ్తే మాత్రం మంచి విశ్వవిద్యాలయాలు సాధారణంగా ఫీజు మాఫీ చేసి, బోధన సహాయకులుగా భృతి ఇస్తాయి కాబట్టి ఆ చదువు కోసం మళ్లీ అప్పు చేయవలసిన అవసరం ఉండదు.

అసలు ఆలోచించవలసింది రెండో ప్రశ్న గురించే. 48,000కు, 30,000కు తేడా ఏడాదికి 18,000 కనుక నాలుగేళ్లకు 72,000 అని మీరు లెక్క వేసుకుని ఉంటారు. కానీ ఫీజులు ఏటా పెరుగుతాయి, మెరిట్ స్కాలర్‌షిప్ సాధారణంగా ఇచ్చిన మొత్తం దగ్గరే ఆగిపోతుంది. రెండు చోట్లా ఏటా 4 శాతం పెరుగుతుందనుకుంటే చిన్న కాలేజీలో మీ వాటా నాలుగో ఏడాదికి దాదాపు 59,000 అవుతుంది, మొత్తం తేడా సుమారు 86,000కు చేరుతుంది. దాన్ని 7 శాతం వడ్డీకి తెచ్చి పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 1,000 డాలర్లు కట్టాలి. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల జీతంలోంచి అంత తీయడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు. పైగా మీ అమ్మాయి పేరు మీద నాలుగేళ్లలో దొరికే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) రుణం 27,000 మాత్రమే. మిగిలినది తల్లిదండ్రుల పేరుతోనో ప్రైవేటు బ్యాంకు దగ్గరో తేవాలి. తల్లిదండ్రులు తీసుకునే ఫెడరల్ రుణానికి కూడా 2026 జులై నుంచి కొత్తవారికి ఒక్కో బిడ్డకు 65,000 పరిమితి పెట్టారు.

చిన్న కాలేజీ విలువను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పదిహేను మంది ఉన్న తరగతిలో ప్రొఫెసరే స్వయంగా పాఠం చెప్పి, నిరూపణ ఎక్కడ తప్పిందో పక్కన కూర్చోబెట్టుకుని చూపించడం గణితం నేర్చుకునే బిడ్డకు పెద్ద వరం. పీహెచ్‌డీకి కావలసిన సిఫారసు లేఖలకు కూడా ఆ పరిచయమే బలం. అయితే విభాగం మరీ చిన్నదైతే రియల్ అనాలిసిస్, అమూర్త బీజగణితం వంటి పైస్థాయి కోర్సులు ఏడాది విడిచి ఏడాది మాత్రమే నడుస్తాయి. గత రెండు మూడేళ్లలో ఏ కోర్సు ఎప్పుడు చెప్పారో కాలేజీ కాలపట్టికలో మీ అమ్మాయినే చూసుకోమనండి.

జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో విద్య, ఉపాధిపై పరిశోధించే కేంద్రం 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఖర్చులు పోగా లిబరల్ ఆర్ట్స్ కాలేజీల చదువు పదేళ్లకు ఇచ్చే ప్రతిఫలం మిగతా కాలేజీలకంటే తక్కువ, నలభై ఏళ్లకు మాత్రం ఎక్కువ. మీరు అప్పు వాయిదాలు కట్టవలసింది సరిగ్గా ఆ తొలి పదేళ్లలోనే. ఇంకో సంగతి ఉంది. పేరున్న కాలేజీలో సీటు వచ్చినా మరోచోట చేరిన విద్యార్థులను డేల్, క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 2002లో పరిశీలిస్తే, వారి సంపాదన ఆ కాలేజీలో చేరినవారితో దాదాపు సమానంగానే తేలింది. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం పేరున్న కాలేజీ వల్ల మేలు జరిగింది. అంటే పట్టా మీద ఉన్న పేరుకంటే పిల్లలోని సత్తాకే ఎక్కువ ఫలితం దక్కుతోందన్నమాట.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ 86,000 మీరు ఇప్పటికే దాచిపెట్టి ఉంటే, మీ పదవీ విరమణ సొమ్ము ముట్టుకోకుండా ఇవ్వగలిగితే, నిశ్చింతగా పంపండి. మొత్తం అప్పే అయితే వద్దు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో గణితం ఆనర్స్ ఉందేమో, మూడో ఏడాదిలోనే పీజీ కోర్సుల్లో కూర్చోనిస్తారేమో కనుక్కోండి; చిన్న కాలేజీల్లో సాధారణంగా పీజీ కోర్సులు ఉండవు. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో నడిచే వేసవి పరిశోధన శిక్షణకు, భృతితో సహా, ఎక్కడ చదివినా దరఖాస్తు చేసుకోవచ్చు. ఈలోగా రాష్ట్ర విశ్వవిద్యాలయం ఖర్చు వివరాలు జతచేసి చిన్న కాలేజీ ఆర్థిక సహాయ విభాగానికి మీ అమ్మాయి చేత మర్యాదగా ఒక లేఖ రాయించి, స్కాలర్‌షిప్ పెంచగలరా, ఫీజుతోపాటు అదీ పెరుగుతుందా అని అడిగించండి. సాధారణంగా మే 1 లోపు ఏ కాలేజీలో చేరేదీ చెప్పాలి కాబట్టి ఈ లేఖ ఈ వారమే పంపడం మంచిది.