ఫార్మాట్ కొట్టకముందు ఈ ఉత్తరం చదువు

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. "సిస్టమ్ ఆన్ చేస్తే ఏవేవో బొమ్మలొచ్చి పడుతున్నాయిరా తమ్ముడూ, గుంటడు ఫార్మాట్ కొట్టేస్తానంటున్నాడు" అంది. ఆగు నాయనా. మీ నాన్న పెన్షన్ కాగితాలు, పెళ్లి ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి.

ముందు వైఫై ఆపు. బ్యాంకు పాస్‌వర్డ్ మార్చాలంటే అమ్మ ఫోన్‌లోంచి మార్చు, ఆ సిస్టమ్‌లో కొట్టకు.

ఆ వైరస్ ఫైలు తీసేసినా మళ్లీ వస్తోందట. రాదేటి మరి? ఆన్ చేసినప్పుడల్లా దాన్ని లేపమనే మాట సెట్టింగుల్లో ఉండిపోయింది. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ తెరిచి, తెలియని పేరు మీద రైట్ క్లిక్ చేసి ఫైలు ఎక్కడుందో చూడు. తాత్కాలిక ఫైళ్లు పడుండే టెంప్ ఫోల్డర్‌లోంచి లేస్తోందంటే అనుమానించాల్సిందే. ఎస్‌వీసీహోస్ట్ (svchost) అన్న పేరు చూసి మాత్రం హడలిపోకు, అది విండోస్ సొంత ప్రోగ్రామే. అసలుది సిస్టమ్32లో ఉంటుంది, ఒకేసారి పది పదిహేను కనిపించినా తప్పు లేదు. దొంగదాన్ని డిజేబుల్ చేసి, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొట్టి, విండోస్ తనకి తప్పనిసరైన వాటితోనే లేచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి అప్పుడు ఫైలు తీసెయ్. వేళకి ప్రోగ్రాములు లేపే టాస్క్ షెడ్యూలర్, నెట్‌ని మధ్యలో ఇంకో సిస్టమ్ మీదుగా తిప్పే ప్రాక్సీ సెట్టింగు కూడా ఓసారి చూడు. ఇంట్లో ప్రాక్సీతో పనేటి, ఆన్‌లో ఉంటే ఆపెయ్.

విండోస్ తన సెట్టింగులన్నీ రాసి పెట్టుకునే రిజిస్ట్రీ జోలికి మాత్రం నన్నడక్కుండా వెళ్లకు. గంటస్తంభం దగ్గర డీటీపీ షాపు పెట్టిన కొత్తలో, ఆ రిజిస్ట్రీలో లాగిన్ సంగతి చూసే విన్‌లాగాన్ కింద యూజర్‌ఇనిట్ అని ఉంటే, చివర కామా ఒకటి వేలాడుతోంటే, ఇదే వైరస్ అనుకుని చెరిపేశాను. ఇంకేముంది, లాగిన్ అవడం, వెంటనే లాగాఫ్ అవడం. పెళ్లి కార్డులు ప్రింటుకి ఇచ్చినాయన సాయంత్రం దాకా బల్ల మీదే కూర్చున్నాడు. ఆ కామా ఉండాల్సిందేనట! అందుకే ఏది ముట్టుకున్నా ముందు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకో.

ఆఖర్న వైఫై కాసేపు పెట్టి, విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ని అప్‌డేట్ చేసి, ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టు. విండోస్ లేవకముందే వెతుకుతుంది, దాక్కున్నవి అక్కడ దొరుకుతాయి. పావుగంట పడుతుంది, మధ్యలో కరెంటు పోకుండా చూసుకో.

మీది ఇంకా విండోస్ 10 కదా. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు సపోర్టు ఆగిపోయింది, ఆ సంగతి కూర్చుని మాట్లాడదాం. ఆదివారం పాసింజర్‌కి వస్తాను, ఆమదాలవలస స్టేషన్‌కి బండి తీసుకురా. ఈలోగా ఏడు రోడ్ల దగ్గర జిరాక్స్ తీయించిన ఆ పెన్‌డ్రైవ్‌ని దేనికీ గుచ్చకు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోయాయన్నావు, అవి పోలేదు, దాగున్నాయంతే. నేనొచ్చి తీస్తాను.

మావయ్య
విజయనగరం