ఉద్యోగం పోయిన మేనల్లుడికి ఈఎస్‌ఐ భృతి గురించి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

గీసుగొండ యూనిట్‌లో ఆర్డర్లు తగ్గి నిన్ను తీసివేస్తున్నారని అక్క ఫోనులో చెప్పింది. నెలనెలా జీతంలోంచి ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) చందా కోత పడిన కార్మికుడికి, పని పోయినప్పుడు కొంత భృతి ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన 2018 జూలై నుంచి ఉంది. వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు మూతపడ్డనాడు మనవాళ్లకు ఆ పాటి ఆసరా కూడా లేదు. ఇన్నేళ్లు మిల్లుల్లో హాజరు, జీతాల లెక్కలు రాసినవాణ్ణి కనుక చెబుతున్నాను: ఈ భృతి దరఖాస్తు దగ్గర కన్నా, నువ్వు గేటు దాటే ముందు పెట్టే సంతకం దగ్గరే ఎక్కువగా చేజారుతుంది.

తనంతట తాను మానేసినవాడికి, తప్పు చేశాడని తొలగించినవాడికి, పదవీ విరమణ పొందినవాడికి ఇది రాదు. రాజీనామా రాసిస్తేనే చివరి నెల జీతమని ఎవరైనా మెలిక పెడితే ఒప్పుకోకు. పని లేక తీసివేశామని లెటర్‌హెడ్ మీద రాసిమ్మని మర్యాదగానే, కానీ గట్టిగా అడుగు. చివరి పనిరోజు తేదీని, మానిన కారణాన్ని యాజమాన్యం ఈఎస్‌ఐ పోర్టల్‌లో కూడా నమోదు చేయాలి. కాగితంలో ఒక మాట, పోర్టల్‌లో ఇంకొక మాట ఉంటే తిరగవలసింది నువ్వే.

తరువాత రోజుల లెక్క. కనీసం రెండేళ్లు బీమా ఉన్న ఉద్యోగంలో ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని ఏటా చందా కాలాలు రెండు, అంటే రెండేళ్లకు నాలుగు. పని పోవడానికి సరిగ్గా ముందున్న కాలంలో 78 రోజులు, ఆ రెండేళ్లలోని మిగతా మూడింటిలో ఏదో ఒకదానిలో ఇంకో 78 రోజులు చందా పడి ఉండాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త ఐపీ నంబరు (కార్మికుడి ఈఎస్‌ఐ బీమా నంబరు) తీయించే అలవాటు మన దగ్గర ఉంది. అలా నీకు రెండు నంబర్లుంటే రోజులు విడిపోతాయి, ముందే కలిపించుకో.

నాలుగు కాలాల సంపాదనను 730తో భాగించి రోజు సగటు కడతారు. నెలకు 15,000 చొప్పున తీసుకున్నవాడికి అది 493 రూపాయలు, భృతి రోజుకు అందులో సగం, 246. జీవితంలో ఒక్కసారే, అదీ 90 రోజులకు మించకుండా ఇస్తారు కనుక మొత్తం 22 వేల పైచిలుకు. మొదట 25 శాతమే ఉన్న రేటును 2020లో 50కి పెంచి, ఆ గడువును పొడిగిస్తూ వచ్చారు; ఇప్పుడు అమలులో ఉన్నదేదో బ్రాంచి ఆఫీసులో కనుక్కో.

పని పోయిన 30 రోజుల తరువాత పోర్టల్‌లో క్లెయిము వేసి, ఆ ప్రింటుతో పాటు ఆధార్, బ్యాంకు పాసుబుక్కు నకళ్లు బ్రాంచి ఆఫీసులో ఇవ్వాలి. ఆధార్‌లో, పాసుబుక్కులో, ఐపీ రికార్డులో నీ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఈ నెలలోపే సరిచూసుకో. భృతి అందుతున్నన్నాళ్లూ ఈఎస్‌ఐ వైద్యం మీ ఇంటిల్లిపాదికీ ఉంటుంది. అక్క షుగరు మందులు ఆపవద్దు.

రెండేళ్ల పే స్లిప్పులు తీసుకుని ఆదివారం హనుమకొండకు రా, రోజుల లెక్క ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మేనమామ