కారు ఖర్చు లెక్కల ఎట్ల రాసుకోవాలె

బిడ్డా,

ఇండ్లు, ఫంక్షన్ హాళ్లు కడిగే పని సొంతంగ పెట్టుకున్నవు. వాక్యూమ్ మెషిన్, ప్రెషర్ పంపు, ఫినాయిలు డబ్బాలు వేసుకొని తిరగడానికి కారు కొన్నవు. ఆ ఖర్చు ఇన్‌కమ్ ట్యాక్స్‌ల ఎట్ల చూపాలని అడిగినవు. అది చెప్పే ముందు ఇంకొకటి తేలాలె. నువ్వు ఏ దారిల రిటర్న్ వేస్తున్నవు? దార్లు రెండు. ఒక దాంట్ల కారు ఖర్చు రాసుకునే జాగనే లేదు.

మొదటిది ఆదాయపు పన్ను చట్టంల 44ఏడీ సెక్షన్. చిన్న వ్యాపారాలకు లెక్కల పుస్తకాల బరువు లేకుండ పెట్టింది. వచ్చిన పైసల్ల ఫోన్‌పే, గూగుల్‌పే, చెక్కు, బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద 6 శాతం, నగదు మీద 8 శాతం కనీసం లాభంగ చూపాలె. ఏడాదికి 9 లక్షల గిరాకీ అయ్యి, అందుల 7 లక్షలు ఫోన్‌పేల, 2 లక్షలు నగదుగ వచ్చినయనుకో. 42,000, 16,000 కలిపి 58,000. ఐటీఆర్-4 అనే రిటర్న్ ఫారం నింపితే అయిపాయె. పెట్రోలు, సర్వీసు, ఇన్సూరెన్సు, కారు అరుగుదల (డిప్రిసియేషన్) అన్నీ మిగిలిన దాంట్ల వచ్చేసినట్టే లెక్క. ఆ 58,000 మీద మళ్ల పెట్రోలు తీసేయిస్తనని ఎవరన్నా ఫీజు అడిగితే పైసలియ్యకు. ఆ రిటర్న్ నిలవది, నోటీసు నీ పేరునే వస్తది.

అరుగుదల సంగతి చానామందికి తెల్వది. 44ఏడీల ఉన్నన్ని ఏండ్లు కారు విలువ ఏటేటా తగ్గినట్టే చట్టం లెక్క కడ్తది, నువ్వు రాసినా రాయకున్నా. రేపు పుస్తకాల దారికి మారితే కొన్న ధర నుంచి మొదలుపెట్టడానికి లేదు. తగ్గిన విలువ నుంచే మొదలు.

6, 8 శాతమన్నది కనీసం. నిజంగ చేతిల మిగిలింది 4 లక్షలైతే 4 లక్షలే చూపాలె, చట్టంల మాట కూడ అదే. భయపడకు. 2025-26 సంవత్సరానికి కొత్త పన్ను పద్ధతిల, మామూలు ఆదాయం 12 లక్షల దాకా ఉన్నోళ్లకు రిబేటు వల్ల పన్ను సున్న. 58,000 అని రాసి రేపు ఇంటి లోనుకు బ్యాంకుకు పోతే, మేనేజరు ముందల పెట్టుకునేది ఆ కాగితమే. ఏడాదికి 58,000 సంపాదించే మనిషికి లోను ఎవరిస్తరు? పన్ను ఎట్లాగూ పడనప్పుడు అసలు లాభం దాస్తే నష్టపోయేది నువ్వే. ఆ అసలు లాభం తెల్వాలన్నా కారు ఖర్చు సరిగ్గ కట్టాలె. అందుకే ఏ దారైనా కారు లెక్క పెట్టుకోమంటున్న.

రెండోది పుస్తకాల దారి. జమ, ఖర్చు అన్నీ రాసి, ఐటీఆర్-3 వేస్తవు. కారు ఖర్చు తీసేసుకునేది ఇక్కడ. కాని ఒక గేటుంది. ఒకసారి 44ఏడీల వేసి, తర్వాతి ఐదేండ్లల్ల ఎప్పుడన్నా 6, 8 శాతం కంటె తక్కువ చూపి బయటికొస్తే, ఆ దారి మళ్ల ఐదేండ్లు బంద్. ఆ ఏండ్లల్ల మొత్తం ఆదాయం పన్ను పడని పరిమితి దాటితే, అంటే కొత్త పద్ధతిల 4 లక్షలు దాటితే, ఆడిట్ కూడ చేయించాలె. పెట్రోలు బిల్లు కోసం దుంకి, ఆడిట్ ఫీజు కట్టుకోకు. రెండు దార్లల్ల లెక్క కట్టి చూసినంకనే మారు.

కొత్త పద్ధతిల ఏ మినహాయింపులు లేవు కాబట్టి కారు ఖర్చు కూడ రాదని కొందరంటరు. అది తప్పు. పోయేటివి ఎల్ఐసీ, పీఎఫ్ మీద ఇచ్చే 80సీ లాంటియి. వ్యాపార ఖర్చు కొత్త పద్ధతిలైనా పాత పద్ధతిలైనా తీసేసుకోవచ్చు.

పుస్తకాల దారిల లెక్క ఇట్ల ఉంటది. కారు 6 లక్షలు. ఏడాదిల 16,000 కిలోమీటర్లు తిరిగింది, అందుల పని మీద 12,000. అంటే ముప్పావు వంతు. లీటరుకు 16 కిలోమీటర్లిస్తే 1,000 లీటర్లు, లీటరు 107 లెక్కన పెట్రోలు 1,07,000. సర్వీసు, టైర్లు 15,000. ఇన్సూరెన్సు 18,000. లోను మీద వడ్డీ 40,000. అరుగుదల 15 శాతం, 90,000. మొత్తం 2,70,000. అందుల ముప్పావు 2,02,500 నీ వ్యాపార ఖర్చు. మిగిలిన పావు వంతు పిల్లలను బడికి దింపినది, యాదగిరిగుట్టకు పోయింది. అది నీ సొంతం, లెక్కల పెట్టకు.

చూసినవు కదా, మొత్తం ఆ ముప్పావు మీదనే నిలబడ్డది. దానికి సాక్ష్యం మీటరు పుస్తకం. అమెరికాల మనోళ్లు మైలుకు ఇంతని రాసుకుంటరు, 2025కు అక్కడ మైలుకు 70 సెంట్లు. సొంత పని చేసుకునేటోళ్లకు మన దగ్గర అసొంటి రేటు లేదు. అయిన ఖర్చు, దాంట్ల పని వాటా, గంతే. పది రూపాయల నోటుబుక్కు తీసుకొని కారుల పెట్టు. ఒక్కో పనికి ఒక్క గీత చాలు: తేదీ, బయలుదేరినప్పటి మీటరు, తిరిగొచ్చినప్పటి మీటరు, ఊరు, ఏం పని. "జూన్ 12, 18,240 నుంచి 18,322, మిర్యాలగూడ, ఫంక్షన్ హాలు కడుగుడు." నీ బిల్లు బుక్కుల అదే తేదీన ఆ హాలు పేరున బిల్లుండాలె. రెండూ కలిస్తే అడిగేటోళ్లకు మాట మిగలది. నకిరేకల్ మీదుగ సూర్యాపేట పోయినప్పుడు కొర్లపహాడ్ టోల్‌గేటుల కోసుకున్న పైసలు ఫాస్టాగ్ స్టేట్‌మెంటుల తేదీ, టైముతో ఉంటయి. అది నువ్వు రాయని సాక్ష్యం, నెలకోసారి డౌన్‌లోడ్ చేసి పెట్టుకో. ఫాస్టాగ్ ఏడాది పాసు తీసుకున్నా, దాంట్ల కూడ పని వాటానే రాయాలె.

లెక్క తప్పేది చానాసార్లు మార్చిల. ఏడాదంతా రాయక, చివరి వారం కూసొని ఒకే పెన్నుతో పుస్తకం మొత్తం నింపుతరు. అన్నీ 50, 100 లాంటి గుండు అంకెలే ఉంటయి. పెట్రోలు లీటర్లను మైలేజీతో గుణిస్తే మీటరు తిరిగినదానికంటె ఎక్కువొస్తది. సర్వీసు సెంటర్ బిల్లు మీద మీటరు రీడింగు అచ్చైతదని మర్చిపోతరు. ఆఫీసరు మొదట చూసేది గదే.

బంకు బిల్లు మీద బండి నంబరు వేయించు. ఆ కాగితం రెండు నెలలకు తెల్లగైతది, అదే రోజు ఫోటో తీయి. టైర్ల షాపుల పైసలు కట్టేటప్పుడు జాగ్రత్త. ఒకే మనిషికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు మొత్తం కొట్టేస్తరు, 10,000 పైన ఉన్నది మాత్రమే కాదు. నాలుగు టైర్లు వేయిస్తే సులువుగ దాటుతది. ఫోన్‌పే చేయి. కారు డౌన్‌పేమెంటుకు కూడ ఇదే సూత్రం. 10,000 మించి నగదు కడితే అంత మేర కారు ధరల కలవది, దాని మీద అరుగుదల రాదు.

ఈఎంఐ మొత్తం ఖర్చని రాయకు. అసలు ఖర్చు కాదు, వడ్డీ మాత్రమే. ఏప్రిల్‌ల బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్ తీసుకో. ట్రాఫిక్ చలానా ఏ రూపంల కూడ ఖర్చు కాదు. ఆర్సీ, లోను నీ పేరున ఉండాలె. ఆర్సీ మీ ఆయన పేరున ఉంటే అరుగుదల అడగడం చిక్కు, పని మీద పోసిన పెట్రోలు మాత్రం రాసుకోవచ్చు. ఒకవేళ జీఎస్టీ నంబరు తీసుకున్నా కారు కొన్నప్పటి జీఎస్టీ వెనక్కు రాదు. అది ధరల కలుపుకో.

ఇంకో బండి కొనాలన్న ఆలోచనుంటే, దసరా ముహూర్తం గురించి కూడ చెప్పాలె. ఏడాదిల 180 రోజుల కంటె తక్కువ వాడితే ఆ ఏడు అరుగుదల సగమే, 15కు బదులు 7.5 శాతం. అక్టోబర్ 3 లోపల బండి పనికి ఎక్కితేనే మార్చి 31 నాటికి 180 రోజులు నిండుతయి. 6 లక్షల మీద ఆ తేడా 45,000. అది పోయినట్టు కాదు, తర్వాతి ఏండ్లకు జరుగుతది. కాబట్టి మంచి రోజు చూసి కొనుక్కుంటే తప్పేం లేదు, మొదటేడు సగమే వస్తదని ముందే తెలిసుంటే చాలు.

కంపెనీలు, పెద్ద హాళ్లు 50,000 బిల్లుల 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తే, చేతికొచ్చిన 49,500 కాదు, 50,000 గిరాకీగ రాయి. కోసిన 500 ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌ల నీ పన్ను స్టేట్‌మెంటుల కనపడ్తది, నీకు పన్ను పడకుంటే అది వాపసొస్తది.

నేను చెప్పిన 44ఏడీ నంబరు 1961 చట్టంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం నడుస్తది, నంబర్లు మారినయి. కొత్త ఫారంల వేరే నంబరు కనపడితే గాబరా పడకు.

ఈ కాగితాలన్నీ ఏడాదికొక కవరుల వేసి, పైన సంవత్సరం రాసి, ఏడెనిమిదేండ్లు పారేయకుండ ఉంచు. నోటుబుక్కు రేపు కొందువు గాని, ఇయ్యాల రాత్రి కారు ఆపినంక మీటరు ఫోటో తీసి నాకు పంపు. అక్కడి నుంచి మొదటి గీత రాద్దాం. మళ్ల ప్రతి ఏప్రిల్ 1 పొద్దున బండి తీయకముందు ఒక ఫోటో తీయి, ఏడాది మొత్తం కిలోమీటర్లు దాంతోనే తేలుతయి.

మీ పెద్దనాయన