కార్బన్ ఆఫ్‌సెట్ సర్టిఫికెట్: డబ్బు కట్టే ముందు చూడాల్సినవి

మీ జీడిపప్పు యూనిట్‌కి ఆఫ్‌సెట్ (మనం వదిలే కార్బన్‌కి బదులుగా, వేరేచోట అంత కార్బన్ తగ్గించే పనికి డబ్బు కట్టడం) చూపించమని విదేశీ బయ్యర్ అడిగాడని, ఏజెంటు 'మొక్కలు నాటిస్తాం' అంటూ సర్టిఫికెట్ ఇస్తానంటున్నాడని రాశారు. అతనికి అప్పుడే డబ్బు కట్టకండి.

ముందు మీ యూనిట్ ఎంత కార్బన్ వదులుతోందో లెక్కేయడానికి ఏడాది కరెంటు బిల్లులు, డీజిల్ రసీదులు తీయండి. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కి సుమారు 0.7 కిలోలు, లీటరు డీజిల్‌కి సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మీరు చెప్పినట్టు నెలకి 2,000 యూనిట్లు, 100 లీటర్లంటే ఏడాదికి దాదాపు 20 టన్నులు. ఇందులో 17 టన్నుల దాకా కరెంటుదే. కాబట్టి షెడ్డు మీద సోలార్ పెడితే కొనాల్సిన ఆఫ్‌సెట్ క్రెడిట్లు బాగా తగ్గుతాయి, బిల్లూ తగ్గుతుంది. నా ఓటు మాత్రం ముందు దీనికే.

మిగిలినదానికి క్రెడిట్లు కొనండి. ఒక క్రెడిట్ అంటే వేరేచోట తగ్గించిన ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. వెర్రా, గోల్డ్ స్టాండర్డ్ లాంటి రిజిస్ట్రీల్లో (క్రెడిట్ల లెక్క నమోదు చేసే చోట్లు) ప్రతి క్రెడిట్‌కీ సీరియల్ నంబర్ ఉంటుంది. అది మీ కంపెనీ పేరు మీద 'రిటైర్' అయినట్టు, అంటే ఇక మళ్లీ అమ్మడానికి లేకుండా వాడేసినట్టు, వాళ్ల వెబ్‌సైట్‌లో కనబడాలి. అలా రిటైర్ చేయకపోతే అదే క్రెడిట్‌ని ఇంకొకరికి అమ్మేయొచ్చు. చాలామంది మోసపోయేది ఇక్కడే. ఏజెంటుని ఆ నంబర్లు అడగండి, నీళ్లు నమిలితే వదిలేయండి.

చెట్ల ప్రాజెక్టే కావాలంటే, అరకులో ఆదివాసీ రైతుల పొలాల్లో కాఫీ, పండ్ల చెట్లు పెంచిన లైవ్లీహుడ్స్ ఫండ్ (కంపెనీలు డబ్బు పెట్టే కార్బన్ ఫండ్), నాంది ఫౌండేషన్ (స్వచ్ఛంద సంస్థ)ల ప్రాజెక్టు గురించి చదవండి. చెట్లు ఎవరివి, ఎవరు కాపాడతారు అన్నది మీ ఏజెంటునీ అడగండి.